బెంగళూరు పైపుల్లో పోతున్న నీళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కదిరి వైపు. వాన కోసం ఆకాశం వంక చూస్తూ పెరిగినవాళ్లం. బెంగళూరు వచ్చాక ఆ చూపు కాస్తా కొళాయి వైపు, ట్యాంకర్ వచ్చే రోడ్డు వైపు తిరిగింది, అంతే తేడా. 2024 ఎండాకాలంలో పడ్డ అవస్థ తర్వాత మా చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామంది నన్ను ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. కావేరి నుంచి అన్ని నీళ్లు వస్తుంటే మరి ఎటు పోతున్నాయి అని. ఏళ్లుగా చదివి, చూసి, తెలుసుకున్నది ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

బెంగళూరుకి అసలు ఎన్ని నీళ్లు వస్తున్నాయి? అందులో ఎన్ని పోతున్నాయి?

కావేరి నీటి పథకం మొదటి దశ 1974లో మొదలైంది. అప్పటి నుంచి దశలు దశలుగా పెరిగి 2012 నాటికి రోజుకి సుమారు 1,450 ఎంఎల్‌డీకి చేరింది. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకి పది లక్షల లీటర్లు. 2024 అక్టోబర్‌లో ఐదో దశ ప్రారంభమై ఇంకో 775 ఎంఎల్‌డీ కలిసింది. పూర్తి స్థాయిలో నడిస్తే మొత్తం 2,225.

ఇక పోయేది. 2010 దశకం మొదట్లో వచ్చిన నీళ్లలో దాదాపు సగానికి లెక్క దొరికేది కాదు. ఆ తర్వాత జలమండలి, అంటే ఊరికి నీళ్లు సరఫరా చేసే సంస్థ, పాత పైపులు మార్చింది, మీటర్లు మార్చింది, ఊరిని భాగాలుగా విడగొట్టి లీకులు వెతికించింది, దాంతో ఇప్పుడది మూడో వంతు కన్నా కిందికి దిగింది. తగ్గిన మాట నిజమే, ఆ పని చేసినవాళ్లకి దండం పెట్టాలి.

అయినా ఒకసారి లెక్క వేసి చూడండి. మనం మంచిగానే అనుకుని నాలుగో వంతే పోతోందనుకుందాం. 2,225లో నాలుగో వంతు అంటే రోజుకి 550 ఎంఎల్‌డీ పైమాటే. ఏడాదికి ఏడు టీఎంసీలు. కావేరి మీద కర్ణాటక, తమిళనాడు ఎన్నేళ్లు కొట్లాడుకున్నాయో మనకి తెలుసు. 1990లో ట్రిబ్యునల్ వేశారు, 2007లో తీర్పు వచ్చింది, మళ్లీ సుప్రీంకోర్టుకి వెళ్తే 2018 ఫిబ్రవరిలో కర్ణాటకకి అదనంగా 14.75 టీఎంసీలు ఇచ్చారు, అందులో బెంగళూరు తాగునీటి కోసం అని విడిగా చెప్పింది 4.75 టీఎంసీలు. అంత కష్టపడి బెంగళూరు కోసం తెచ్చుకున్న దానికంటే ఎక్కువ నీళ్లు మన ఊళ్లోనే లెక్కలేకుండా పోతున్నాయి. నాకు ఈ ఒక్క విషయమే అందరికీ అర్థమయ్యేలా చెప్పాలని ఉంటుంది. మనకి కావలసిన తర్వాతి నది చాలావరకు మన రోడ్ల కిందే ఉంది.

పోయినవంటే అన్నీ మట్టిలోకి ఇంకిపోయినట్టేనా?

కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. జలమండలి ఊళ్లోకి పంపిన నీళ్లలోంచి బిల్లు పడిన నీళ్లు తీసేస్తే మిగిలేదాన్ని ఆదాయం రాని నీళ్లు అంటారు. అందులో మూడు రకాలు ఉన్నాయి.

ఒకటి నిజంగా కారిపోయేది. పైపు లీకులు, పగుళ్లు, రిజర్వాయర్లు నిండి పొర్లడం, ఇవన్నీ. రెండోది ఎవరో ఒకరు వాడుకున్నవే, కానీ మీటరులోకి ఎక్కనివి: దొంగ కనెక్షన్లు, మీటరుని తప్పించి వేసుకున్న పైపులు, ముసలిదైపోయి నెమ్మదిగా తిరిగే మీటర్లు, రీడింగ్ రాసేటప్పుడు జరిగే తప్పులు. మూడోది జలమండలికి తెలిసే బిల్లు లేకుండా పోయేది, మంటలు ఆర్పడానికి, పైపులు కడగడానికి వాడేలాంటివి. ఈ మూడోది చిన్నది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఒక్కోదానికి మందు వేరు. కారిపోయే నీళ్లు ఆపితే ఇంకొకరి కొళాయికి నీళ్లు వస్తాయి. దొంగ కనెక్షన్ పట్టుకుంటే ముందు వచ్చేది డబ్బు, ఆ నీళ్లు అప్పటికే ఎవరింట్లోనో వాడకంలో ఉన్నాయి. అందుకే "30 శాతం నష్టం" అని వార్తల్లో చూసి అదంతా నేలపాలు అనుకోకండి, అలాగని తేలిగ్గానూ తీసుకోకండి.

మీటరు అంత తప్పు చూపిస్తుందా?

పాతది చూపిస్తుంది. మామూలుగా ఇళ్లకి ఉండే మీటరు లోపల తిరిగే భాగాలు అరిగిపోయాక తక్కువ చూపిస్తుంది. దానికి తోడు బెంగళూరులో దాదాపు ప్రతి ఇంటికీ ఒక సంపు ఉంటుంది కదా, అది నిండబోతుంటే బాల్ వాల్వ్ మెల్లగా మూసుకుంటూ నీళ్లు సన్నటి ధారగా వస్తాయి. అంత సన్నటి ధారని పాత మీటరు పట్టుకోలేదు.

ఇంకో పక్క ఉల్టా కేసు కూడా ఉంది. రెండు రోజులు ఖాళీగా ఉన్న పైపులో నీళ్లు వదిలినప్పుడు ముందు గాలి తోసుకొస్తుంది, ఆ గాలికి కూడా ముల్లు తిరుగుతుంది. మా ఇంట్లో నీళ్లు రాకుండానే మీటరు తిరిగిందని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు.

రోడ్డు మీద పైపు పగిలి నీళ్లు ఎగజిమ్మితే ఎక్కువ పోతాయా, చిన్న లీకుకి ఎక్కువ పోతాయా?

ఎగజిమ్మే పైపుని అందరూ ఫొటో తీస్తారు. ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, రెండు గంటల్లో వాల్వు కట్టేస్తారు. నిమిషానికి 500 లీటర్లు పోతోందనుకున్నా రెండు గంటలకి 60,000 లీటర్లు.

ఇప్పుడు ఎవరింటి కనెక్షన్ దగ్గరో నేల కింద నిమిషానికి ఒక్క లీటరు కారుతోందనుకోండి. పైకి కొంచెం తడిగా కనిపిస్తుంది, లేదంటే అదీ లేదు, పక్కనున్న మోరీలోకి పోతుంటుంది. పైపులో నీళ్లు ఎప్పుడూ ఉండే చోట రోజుకి 1,440 లీటర్లు. రెండు నెలలు ఎవరూ చూడకపోతే 86,400. ఆ పెద్ద పైపు కన్నా ఎక్కువ! పైగా ఇలాంటివి ఊళ్లో ఒకటి కాదు, వేలల్లో ఉంటాయి. లీకు ఎంత పెద్దది అన్నదానికన్నా ఎన్ని రోజులు కారింది అన్నదే అసలు ప్రశ్న. తెలియడానికి పట్టే కాలం, చోటు కనిపెట్టడానికి పట్టే కాలం, బాగుచేయడానికి పట్టే కాలం, ఈ మూడూ కలిపితే ఒక లీకు ఆయుష్షు. మనలాంటివాళ్లు తగ్గించగలిగేది మొదటి దాన్ని.

ఇన్ని లీకులు ఎందుకు పడతాయి?

పైపులు పాతబడి అని అందరూ అంటారు. అది ఒక కారణం మాత్రమే. ఈ ఊరికి పైపుల్లో నీళ్లు రావడం 1896లో హెసరఘట్ట నుంచి మొదలైంది, తర్వాత 1933లో తిప్పగొండనహళ్లి వచ్చింది, కావేరి ఆ తర్వాత సంగతి. కాబట్టి ఊరి నడిబొడ్డున తరతరాల పైపులు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.

కానీ కొత్త లేఅవుట్లలో కూడా లీకులు ఉన్నాయే? అక్కడ ఎక్కువగా కనిపించేది ఇంటి కనెక్షన్ దగ్గర, అంటే పెద్ద పైపుకి రంధ్రం పెట్టి మన ఇంటికి సన్న పైపు తగిలించే చోట. ఆ పని హడావిడిగా చేసినా, నాసిరకం సామాను వాడినా కొన్నేళ్లకే కారడం మొదలవుతుంది. ఆ తర్వాత కేబుల్ కోసం ఒకరు, గ్యాస్ కోసం ఒకరు, మోరీ కోసం ఒకరు రోడ్డు తవ్వుతారు, పలుగు పోటు ఎక్కడ తగిలిందో పూడ్చేశాక ఎవరికీ తెలియదు.

అన్నిటికన్నా నేను ఎక్కువ తప్పు పట్టేది ఆగి ఆగి నీళ్లు వదలడాన్ని. రెండు రోజులకి ఒకసారి, మూడు రోజులకి ఒకసారి వాల్వు తిప్పిన ప్రతిసారీ ఖాళీ పైపులోకి నీళ్లు ఒక్కసారిగా కొట్టుకొస్తాయి, అతుకుల మీద దెబ్బ పడుతుంది. మళ్లీ కట్టేస్తే పైపు ఖాళీ. ఇలా ఏళ్ల తరబడి. పల్లెల్లో చెరువు నీళ్లు ఏ మడికి ఎంత వదలాలో చూసుకునే నీరుగంటి ఉండేవాడు గుర్తుందా, ఇక్కడ ఆ పని వాల్వ్‌మ్యాన్ చేస్తాడు. ఏ వీధి మిట్టలో ఉంది, ఏ వీధి పల్లంలో ఉంది, ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పాలి అన్నది ఆయన చేతిలో, ఆయన తలలో ఉంటుంది. అంత తెలిసినవాణ్ని మనం నీళ్లు రానప్పుడు తిట్టడానికి తప్ప పలకరించం. మీ వీధి వాల్వ్‌మ్యాన్‌ని ఒకసారి నిలబెట్టి లీకులు ఎక్కడెక్కడ ఉన్నాయన్నా అని అడగండి, ఏ ఇంజినీరు మ్యాపులోనూ లేని సంగతులు చెబుతాడు.

నేల కింద లీకుని ఎలా కనిపెడతారు?

పద్ధతి వినడానికి చాలా సులువు. ఊరిని చిన్న చిన్న భాగాలు చేసి, ఒక్కో భాగంలోకి నీళ్లు వెళ్లే చోట మీటరు పెడతారు. తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు గంటల మధ్య అందరూ నిద్రలో ఉంటారు, వాడకం దాదాపు ఉండదు. ఆ వేళ కూడా లోపలికి నీళ్లు జోరుగా పోతుంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ తర్వాత ఒక్కో వీధి వాల్వు కడుతూ పోతే ఏ వీధిలో ఉందో తేలుతుంది. ఆపైన చెవితో వినడం: ఇనుప కడ్డీ ఒక కొస పైపు మీద, ఇంకో కొస చెవికి ఆనించి వింటే బయటికి కారే నీళ్ల సవ్వడి వినిపిస్తుంది. ఇప్పుడు దానికి మైకులు వచ్చాయి, రెండు చోట్ల సెన్సార్లు పెట్టి శబ్దం ఒక్కో చోటికి చేరే సమయంలో తేడాని బట్టి దూరం లెక్కగట్టే యంత్రాలూ వచ్చాయి.

ఇబ్బందల్లా ఒకటే. ఈ పద్ధతికి పైపులో నీళ్లు ఎప్పుడూ ఉండాలి. రాత్రి సరఫరానే లేని వీధిలో రాత్రి ప్రవాహం ఏం కొలుస్తారు? నీళ్లు వదిలే వేళ ఇంటింటా సంపులు నోరు తెరుచుకుని ఉంటాయి, అందులో లీకు ఏదో వాడకం ఏదో విడదీయడం కష్టం.

లీకైనా భూమిలోకే కదా పోయేది, మన బోర్లకే కదా వస్తాయి?

ఇది తెలివైన ప్రశ్న, కొట్టిపారేసేది కాదు. ఊరి నడిబొడ్డున భూగర్భజలం పైకే ఉండటానికి పైపుల్లోంచి కారే నీళ్లు కూడా ఒక కారణమని పరిశోధకులు చెప్పారు. శివార్లలో పైపు నీళ్లు లేక బోర్ల మీదే బతికిన చోట నీటి మట్టం బాగా లోతుకి పోయింది. 2024లో ఊళ్లోని సర్కారు బోర్లు దాదాపు 14,000లో సగం దాకా ఎండిపోయాయి.

కానీ ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఆలోచించండి. దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి, మూడు చోట్ల పంపులు పెట్టి, పైపుల రాపిడితో కలిపి 500 మీటర్ల ఎత్తుకి తోసుకుంటూ తెచ్చినవి. వెయ్యి లీటర్లని అంత ఎత్తుకి తీసుకురావాలంటే పంపులు కొంచెం కూడా వృథా చేయకపోయినా 1.36 యూనిట్ల కరెంటు కావాలి. పంపుల నష్టం కలుపుకుంటే ఒక సీలింగ్ ఫ్యాను పగలూ రాత్రీ ఆగకుండా తిరిగినంత. పైగా వడగట్టి, క్లోరిన్ కలిపి శుద్ధి చేసిన నీళ్లు. భూమిని నింపడానికి వాన నీళ్లున్నాయి, చెరువులున్నాయి. ఇంత ఖర్చుపెట్టిన నీళ్లని నేలకి తాగించి, మళ్లీ బోరు మోటారు వేసి పైకి తోడుకోవడం చిల్లు కుండతో నీళ్లు మోసినట్టే. కారిన వాటిలో ఎంతో కొంత మోరీల్లో కలిసి మురుగుగా మారిపోతుంది కూడా.

లీకు ఉంటే మా ఇంటికి వచ్చే నీళ్లు పాడవుతాయా?

అవుతాయి. దీని గురించి నాకు నిజంగా టెన్షన్. పైపులో ఒత్తిడి ఉన్నంత సేపు నీళ్లు లోపలి నుంచి బయటికి పోతాయి. సరఫరా కట్టేసి పైపు ఖాళీ అవుతున్నప్పుడు లోపలికి పీల్చుకుంటుంది, అదే చిల్లులోంచి. ఆ చిల్లు పక్కన మోరీ ఉంటే ఏం లోపలికి వస్తుందో చెప్పక్కర్లేదు. కొళాయికి నేరుగా మోటారు పెట్టి లాగేవాళ్లు ఉంటే ఇంకా ఘోరం, వాళ్లు లాగేది వీధి మొత్తం పైపులోంచి.

హుబ్బళ్లి-ధారవాడలో కొన్ని వార్డులకి 24 గంటలూ, మిగతా వాటికి ఆగి ఆగి నీళ్లు వచ్చేవి. రెండు చోట్లా నీళ్ల నమూనాలు పరీక్షించి చూస్తే ఆగి ఆగి వచ్చే వైపే బ్యాక్టీరియా ఎక్కువగా కనిపించింది. కాబట్టి నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాలు వాసన వచ్చినా రంగు మారినా సంపులోకి పట్టకండి, పక్కకి పట్టి వేరే పనికి వాడండి. తాగే నీళ్లు కాచుకోండి. రెండోసారీ అలాగే వస్తే వెంటనే ఫిర్యాదు చేయండి.

మా ఇంట్లోనే లీకు ఉందేమో ఎలా తెలుస్తుంది?

నీళ్లు వదిలే వేళ చూడాలి. వేరే వేళ పైపులో ఒత్తిడి ఉండదు కాబట్టి మీటరు చూసి లాభం లేదు. నీళ్లు వస్తున్నప్పుడు సంపు దగ్గరి వాల్వు కట్టేసి, నేరుగా వచ్చే కొళాయిలన్నీ కట్టేసి మీటరు చూడండి. ముల్లు కదులుతోందా? అయితే మీటరుకి సంపుకి మధ్య కారుతోంది.

ఇక సంపు. రాత్రి మోటారు ఆపి, లోపలికి వచ్చే వాల్వు కట్టేసి, గోడ మీద నీటి మట్టానికి సుద్దముక్కతో గీత పెట్టండి. పొద్దున చూడండి. రెండు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల పొడవున్న సంపులో ఒక సెంటీమీటరు దిగితే 50 లీటర్లు పోయినట్టు.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. ఒక ఏడాది బిల్లు నెలనెలా పెరుగుతూ వచ్చింది. మేం ఉన్నది నలుగురమే, చుట్టాలు కూడా రాలేదు. మా అమ్మ రోజూ అనేది, గేటు పక్కన కరివేపాకు చెట్టు ఎండాకాలంలో కూడా ఇంత పచ్చగా ఉందేంట్రా అని. నేను పట్టించుకోలేదు. చివరికి మీటరు పరీక్ష చేసి అక్కడే తవ్విస్తే ఇల్లు కట్టినప్పుడు ప్లంబర్ వేసిన అతుకు ఊడి ఉంది, మట్టి అంతా బురద. బాగుచేయడానికి అయిన ఖర్చు ఒక నెల అదనపు బిల్లు కన్నా తక్కువ. ఆ నీళ్లు ఎన్ని నెలలు పోయాయో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

బాత్రూం ఫ్లష్ కూడా చూసుకోండి. ట్యాంకులో కొంచెం కుంకుమ నీళ్లో, ఏదైనా రంగో కలిపి అరగంట ఫ్లష్ చేయకుండా ఉంచితే, కింద రంగు కనిపించిందంటే లోపలి రబ్బరు పోయినట్టు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, మాకు ఇవన్నీ ఎందుకు?

ఎందుకంటే మీ అపార్ట్‌మెంట్ కూడా ఒక చిన్న ఊరే. కావేరి మీటరు రీడింగ్, ట్యాంకర్లు, బోరు అన్నీ కలిపి ఒక పక్క, ఫ్లాట్ల మీటర్ల మొత్తం ఇంకో పక్క రాసి నెలనెలా తీసేయండి. తేడా ఎంత వస్తుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు. ఫ్లాట్లకి మీటర్లు లేకపోతే ముందు అవి పెట్టించండి.

కారు కడిగితే 5,000 జరిమానా అన్నారు, మరి రోడ్డు మీద కారిపోతే ఎవరికి జరిమానా?

2024 మార్చిలో ఆ నిబంధన వచ్చినప్పుడు ఈ మాట అనని ఇల్లు లేదు. కోపం న్యాయమైనదే. తాగునీళ్లతో కారు కడగకూడదన్నది మాత్రం సరైన నిబంధన, అప్పుడూ ఇప్పుడూ నా మాట అదే. జనం నుంచి అడిగినంత పట్టుదలగా పైపుల విషయంలోనూ జలమండలి వార్డు వారీగా ఎంత నీళ్లు పంపాం, ఎంత బిల్లు వేశాం అని నెలనెలా బయటపెట్టాలి. ఆ రెండు అంకెలు కళ్లముందు ఉంటే మన వార్డు గురించి మనమే నిలదీసి అడగొచ్చు.

ఎక్కడైనా నిజంగా తగ్గించారా?

టోక్యో అని చెప్తే వాళ్లు డబ్బున్నోళ్లు అంటారు. అందుకని కంబోడియా రాజధాని నాంపెన్ గురించి చెబుతాను. యుద్ధాలతో చితికిపోయిన ఊరు. 1993లో అక్కడ నూటికి 72 వంతుల నీళ్లకి లెక్క లేదు. ఏక్ సొన్ చాన్ అనే ఆయన నీటి సంస్థ పగ్గాలు తీసుకుని ప్రతి కనెక్షన్‌కీ మీటరు పెట్టించాడు, పెద్దవాళ్లయినా బిల్లు కట్టాల్సిందే అన్నాడు, దొంగ కనెక్షన్లు పీకించాడు, లీకు పట్టేందుకు రాత్రింబవళ్లు బృందాలు పెట్టాడు. పదిహేనేళ్లు తిరిగేసరికి నష్టం ఆరు శాతం దగ్గరికి వచ్చింది, 24 గంటలూ నీళ్లు వచ్చాయి. 2006లో ఆయనకి మెగసెసే అవార్డు ఇచ్చారు. మన దేశంలో పట్టణాలకి పెట్టిన లక్ష్యం 20 శాతం. మరి మనకేం తక్కువ? బెంగళూరులో ఇప్పటికే దాదాపు అన్ని కనెక్షన్లకీ మీటర్లు ఉన్నాయి, చాలా ఊళ్లకి అది కూడా లేదు.

పైపులన్నీ ఒకేసారి కొత్తవి వేసేస్తే పోలా?

పోదు. వేల కిలోమీటర్ల పైపులు, అన్ని రోడ్లూ తవ్వాలి, అతుకు పని బాగాలేకపోతే కొత్తదీ కారుతుంది. ముందు ఒత్తిడి అదుపులో పెట్టాలి. రాత్రి అవసరం లేని వేళ ఒత్తిడి సగానికి తగ్గిస్తే అదే చిల్లులోంచి కారేది కూడా బాగా తగ్గుతుంది, ఒక్క గజం రోడ్డు తవ్వకుండానే.

లీకు కనిపించింది, కన్నడ రాదు. ఏం చేయాలి?

1916కి ఫోన్ చేయండి, జలమండలి నంబరు అదే. ముందు అది కావేరి నీళ్లేనా మురుగా అని చూసుకోండి: వాసన లేకుండా, నీళ్లు వదిలే రోజే ఎక్కువగా కారుతుంటే పైపు నీళ్లే. వీధి పేరు, క్రాస్ నంబరు, దగ్గర్లో ఏ గుడి ఉందో ఏ షాపు ఉందో, ఎన్ని రోజుల నుంచో చెప్పాలి. మీ బిల్లు మీద ఆర్‌ఆర్ నంబరు ఉంటుంది, అది దగ్గర పెట్టుకుంటే ఏరియా త్వరగా దొరుకుతుంది. ఫిర్యాదు నంబరు తప్పకుండా అడిగి రాసుకోండి, రోజుకో ఫొటో తీసి పెట్టుకోండి, మూడు రోజుల తర్వాత అదే నంబరు చెప్పి మళ్లీ అడగండి. మీరే తవ్వి బాగుచేయాలని మాత్రం చూడకండి.

భాష గురించి భయపడకండి, అటువైపు చాలామందికి తెలుగు అర్థమవుతుంది. అయినా ఈ ఒక్క ముక్క నేర్చుకోండి, మా అమ్మకి కూడా ఇదే నేర్పించాను: "సార్, నమ్మ రస్తెయల్లి కావేరి నీరు సోర్తా ఇదె." అంటే, సార్, మా రోడ్డులో కావేరి నీళ్లు కారుతున్నాయి అని.